జిగురు పట్టని అతుకు

అతుకు ఊడిపోయేటప్పుడు పెద్ద చప్పుడేమీ రాదు. లాగి తెంపే యంత్రం దవడల మధ్య అల్యూమినియం ముక్క కాసేపు ఓర్చుకుంటుంది, తరవాత టప్పుమని ఒక చిన్న శబ్దం, అంతే. ఆ వేసవిలో ఆ శబ్దం వింటే నాకు ఒళ్లు మండేది. వరసగా తొమ్మిదో ముక్క కూడా అలాగే ఊడినప్పుడు చేతిలో ఉన్న పెన్నును గోడకేసి కొట్టాను.

కడప ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. రెండు అల్యూమినియం రేకులను కరిగించకుండా కలపడం నా పని. రేకులను ఒకదాని మీద ఒకటి పెట్టి, గిరగిరా తిరిగే ఉక్కు మొనను వాటిలోకి దించి మెల్లగా ముందుకు నడిపితే, ఆ రాపిడి వేడికి లోహం మెత్తబడి సంగటి కెలికినట్టు కలిసిపోతుంది. దాన్ని ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ అంటారు. మొన ఎంత వేగంగా తిరగాలి, ఎంత నెమ్మదిగా నడవాలి, ఎంత వాలుగా నిలబడాలి అన్నవి తేల్చడానికి నాకు రెండేళ్లు పట్టింది. అవి కుదిరాయి. తరవాత రేకుల మధ్య ఎపాక్సీ జిగురు కూడా పూసి వెల్డింగు చేస్తే అతుకు ఇంకా గట్టిగా ఉంటుందని మొదలుపెట్టాను. పూసిన కష్టమే మిగిలింది గానీ బలం గింజంత కూడా పెరగలేదు. లాగడం మొదలుపెట్టగానే జిగురు పొరలా లేచిపోయేది. ఆ తరవాత వెల్డింగు ఒక్కటే ఒంటరిగా కాసేపు నిలబడి తెగేది.

లోపం నాలో ఉంటుందని నాకు తోచనే లేదు. ల్యాబులో నాతో పాటు ఉన్నది ఇంకొక్కరే, టెక్నీషియన్. నందికొట్కూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి కడపలో స్థిరపడిన మనిషి, యాభై దాటినాయన. ఆదివారం చర్చికి పోవడం, తక్కిన ఆరు రోజులూ ల్యాబుకు రావడం, అంతకుమించి ఆయనకు లోకం లేదన్నట్టుండేది. లోహాన్ని చెక్కే పాత మిల్లింగ్ మిషన్‌ను ఈ వెల్డింగుకు పనికొచ్చేలా మార్చింది ఆయనే. మొన ఎక్కువ వేడెక్కితే చప్పుడును బట్టే చెప్పేవాడు. రేకులను ఉప్పుకాగితంతో గీకి, ఎసిటోన్‌తో తుడిచి నాకిచ్చేదీ ఆయనే. పర్మనెంటు ఉద్యోగం కాదు. ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టే. ప్రతి మే నెలలో హెచ్‌ఓడీ సంతకం పెడితేనే ఇంకో ఏడాది.

ఆ సంతకం సంగతి తెలిసే రాశాను. రేకులు సరిగ్గా శుభ్రం చేయడం లేదనీ, ఎన్నిసార్లు చెప్పినా లెక్కచేయడం లేదనీ, దీనివల్ల నా పరిశోధన దెబ్బతింటోందనీ అర పేజీ లెటరు రాసి హెచ్‌ఓడీ టేబుల్ మీద పెట్టాను. రాసేటప్పుడు ఒక్క మాటకూ తడుముకోలేదు. హెచ్‌ఓడీ తనకు కావాల్సిన మనిషి కోసం ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నాడని కాలేజీలో అందరికీ తెలుసు. నా కాగితం ఆయనకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. వచ్చే శుక్రవారం మధ్యాహ్నానికల్లా తాళాలు అప్పజెప్పమని టెక్నీషియన్‌కు కబురొచ్చింది.

సోమవారం ఉదయం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“మేడం, నా పని బాగలేదని రాసినారంట. యాడ బాగలేదో చెప్పండి, సరిజేసుకుంటా.”

“రేకులు తుడిచేది కూడా నేనే నేర్పించాల్నా అన్నా? తొమ్మిది ఊడిపాయ. నా బతుకు నీ చేతుల్లో ఉండాది.”

“నా బతుకు మీ కాగితంలో ఉండాది మేడం,” అన్నాడు మెల్లగా. గొంతులో కోపం లేదు. అదే నాకు ఇంకా మండింది.

నేను రాసింది నిజమని తేల్చి చూపించాలనుకున్నాను. మంగళవారం ఆయనను స్టూలు మీద కూర్చోబెట్టి, ఏదీ ముట్టుకోవద్దన్నాను. రేకులు నేనే గీకాను, నేనే రెండుసార్లు తుడిచాను, మొన నడిచే చోట వేలెడు వెడల్పు వదిలి జిగురు నేనే పూశాను. మిషన్ కూడా నేనే నడిపాను. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చున్నాడు. బుధవారం ఉదయం జిగురు ఆరాక యంత్రానికి తగిలించి లాగాను. టప్పుమంది. పదోది.

ఆయన వచ్చి ఊడిన ముక్కలను చూశాడు. ఒక్క మాట అని ఉంటే నేను పోట్లాటకు దిగేదాన్ని. ఆయన పోయి మిషన్‌కు నూనె వేసుకున్నాడు.

తుడిచింది నేను, మరి మురికి ఎక్కడిది? భూతద్దం తీసి ముక్కలను కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. జిగురంతా ఒక రేకునే అంటుకుని ఉంది. రెండో రేకు మీద తెల్లగా, పలచగా ఏదో పొర. వేలితో తీసి బొటనవేలికి రాసి చూశాను. ఆ నునుపు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

మాది మంగంపేట దగ్గర. అక్కడి గనుల్లో దొరికే బైరైటీస్‌ను మేము ముగ్గురాయి అంటాం. పిడికెడు రాయి కూడా చూసి అనుకునేదానికంటే రెట్టింపు బరువుంటుంది. మా వైపు ఇళ్లలో తలుపుకు అడ్డం అదే, పిండి గిన్నె మూత మీద బరువు అదే, పేపరు ఎగిరిపోకుండా పెట్టేదీ అదే. పండక్కి దాన్నే నూరి ముగ్గేసేవాళ్లం. ల్యాబుకు ఐదు రాళ్లు ఎప్పుడు తెచ్చానో కూడా నాకు గుర్తులేదు, చేతి అలవాటు అలాంటిది. తుడిచిన రేకు మీద మార్కరుతో నంబరు వేస్తే ఆ సిరా జిగురుకు అడ్డమని, చిన్న కాగితం ముక్క మీద నంబరు రాసి పెట్టేదాన్ని. ఫ్యాను గాలికి అది ఎగరకుండా దాని మీద ఒక రాయి. ఎసిటోన్ ఆరేదాకా ఆ రాయి సరిగ్గా జిగురు పూయాల్సిన చోటే కూర్చునేది. రేకు ఇంత చక్కగా తుడిచి, దాని మీద నా చేత్తోనే ముగ్గు రాలుస్తున్నాను. బల్ల మీద చూస్తే ఐదు రాళ్లూ వరసగా, మరో ఐదు రేకుల మీద కాగితాలు పట్టుకుని ఉన్నాయి.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆ రాళ్లు తీసి నా బ్యాగులో వేసుకున్నాను. ఎవరికీ తెలియదు. రాళ్లు లేకుండా చేస్తే అతుకు కుదురుతుంది, ఆ మనిషిని పక్కన పెట్టాం కాబట్టే కుదిరిందని అందరూ అనుకుంటారు. నా పేరు నిలుస్తుంది. ఇదంతా నిమిషంలో లెక్క కట్టేశాను.

“ఇంకొక్కటి చేద్దాం అన్నా,” అన్నాను.

“నేను తుడిచేదా?”

“నువ్వే.” తుడుపు ఆయనదే అయితేనే తప్పు రాళ్లదని నాకు రూఢిగా తేలుతుంది.

ఆయన ఎప్పటిలాగే తుడిచాడు. బల్ల వైపు చూశాడు.

“రాళ్లు యాడ పాయ మేడం?”

“ఇంటికి తీసుకపోతాండా. ఈడ అడ్డంగా ఉండాయి.”

ఆయన రేకు వైపు చూశాడు, నా బ్యాగు వైపు చూశాడు. ఆ మధ్యాహ్నం వెల్డింగు చేస్తున్నంతసేపూ నేను ఆయన మొహం చూడలేకపోయాను.

శుక్రవారం పదకొండు గంటలకు పదకొండో ముక్క లాగాం. హెచ్‌ఓడీ కూడా వచ్చి నిలబడ్డాడు. యంత్రం మీద బలం చూపే ముల్లు పైకి పోతూనే ఉంది. పది ముక్కలూ ఊడిన చోటు దాటింది. చివరికి పక్కన రేకే సాగి తెగింది, అతుకు చెక్కుచెదరలేదు. మూడేళ్లుగా నేను కోరుకున్నది అదే. సంతోషం మాత్రం రాలేదు.

“చూసినావామ్మా? మనిషిని పక్కన పెడితే పని ఎట్ల కుదిరిందో,” అన్నాడు హెచ్‌ఓడీ.

టెక్నీషియన్ తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. రేకులు తాను తుడిచానని చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు. హెచ్‌ఓడీ గుత్తి అందుకోబోయాడు.

“సార్, దీనికి రేకులు తుడిచింది అన్నే,” అన్నాను. “నేను తప్పు రాసినా. మురికి నా చేతిది.” రాళ్ల సంగతి మొత్తం చెప్పాను.

హెచ్‌ఓడీ గుత్తిని బల్ల మీదే వదిలేశాడు. “ఇది కాగితం మీద రాసిస్తావా? నీ గైడుకు పోతుంది. పది రీడింగులూ కొట్టేస్తారు. ఏడాది వెనక్కి పోతావు, ఆలోచించుకో,” అన్నాడు. అది సలహానో బెదిరింపో నాకు తెలియలేదు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. నిజం చెప్పాలంటే, రాస్తూ కూడా తప్పు కాస్త చిన్నదిగా కనిపించే మాట కోసం వెతుక్కున్నాను.

కాంట్రాక్టు కాగితం తిరిగి రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పోయి క్షమించమని అడగాలని రోజూ అనుకున్నాను, పోలేదు. ఏడాదికి పొడిగించారు. ఆయన వచ్చిన మొదటి రోజే, “తప్పయిపోయిందన్నా,” అన్నాను.

“సరే మేడం,” అన్నాడు.

ఆ రోజు రేకులు గీకి, తుడిచి, రెండు చేతులతో అంచులు పట్టుకుని నా ముందుకు తెచ్చాడు. “చూసుకోండి మేడం,” అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ అలా చూపించలేదు. అక్కర్లేదన్నాను. ఆయన కదల్లేదు. చూశాను. అప్పుడు పోయి జిగురు డబ్బా మూత తీశాడు.

నా పీహెచ్‌డీ ఏడాది ఆలస్యంగా అయిపోయింది. ఆయన కాంట్రాక్టు ఏటా సాగుతూనే ఉంది. ఇద్దరం అదే ల్యాబులో పని చేస్తున్నాం. ఇప్పటికీ ప్రతి రేకూ తెచ్చి నాకు చూపిస్తాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా నేను చూసేదాకా అలాగే నిలబడి ఉంటాడు.