నా మొదటి పాటను మా బావ ముంచిన వైనం

ఇవాళ మల్కాపురంలో వినాయక పందిరికి కట్టిన గొట్టం మైకు కనిపించగానే పాత గాయాన్ని కెలికినట్టయింది. ఎనభైల పిల్లల్లారా, ఆ మైకు గరగర గుర్తుందా?

నా తొలి స్వరరచన లోకానికి వినిపించింది అందులోంచే. వలలాగేవాళ్ల హైలెస్సా, చర్చి గిటారు వరస, సన్నాయి మేళం కలిపి, బియ్యం డబ్బా మీద బుల్బుల్ వాయిద్యం పెట్టుకుని వేసవి సెలవులన్నీ కూర్చుని కట్టాను. డప్పు మా బావ అప్పలరాజు. "నీ పాటకి నాను పేణం పెట్టేత్తాను బావా" అన్నాడు.

ఆ ఏడు వినాయక పందిట్లో రెండో చరణానికే జనం లేవడం మొదలుపెట్టారు. ఎవడో "సినిమా పాట కొట్టండ్రా!" అని అరిచాడు. బావ నా వైపైనా చూడకుండా దరువు మార్చేశాడు. ఈలలే ఈలలు. నా వేళ్లు బుల్బుల్ మీటల మీదే ఉండిపోయాయి.

స్టేజీ దిగాక నిలదీస్తే, "జనాలెల్లిపోతంటే సూత్తా కూకోమంతావేటి బావా?" అన్నాడు. పైగా నా వాటా పులిహోర కూడా తినేశాడు.

వాయిద్యాలన్నీ నువ్వే ఎందుకు వాయించుకుంటావని ఇప్పుడు అందరూ అడుగుతారు. స్వతంత్ర సంగీతకారుడి స్వేచ్ఛ అని గంభీరంగా చెబుతాను. నిజానికి ఇంకొకడి చేతికి డప్పు ఇవ్వడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.