రెండో జేబు

మామగారికి ఉన్నది ఒక్కటే గుణం: పదిమందిలో పరువు తీయడం. అదీ తన సొంత పరువు. ఎదుటివాళ్ళ పరువు తీసేవాళ్ళు ఊరినిండా ఉంటారు, అందులో గొప్పేం లేదు. సొంత పరువును ఇంత శ్రద్ధగా, ఒక్క నాగా కూడా లేకుండా తీసుకునే మనిషి మాత్రం ఆయనొక్కరే. చిక్కల్లా ఏమిటంటే, అది పోయినప్పుడల్లా పక్కనే అల్లుడు నిలబడి ఉండేవాడు.

అల్లుడు సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ అధికారి. తెల్లటి దీపం ముందు నుంచి సీసాలు బారులు తీరి వెళ్తుంటే, ఆవగింజంత బుడగ కనిపించినా పక్కకు తీసి పగలగొట్టించడం అతని పని. పదిహేనేళ్ళు అదే చూసి చూసి కళ్ళు అలాగే కుదిరిపోయాయి. ఎవరింటికి వెళ్ళి మంచినీళ్ళు పుచ్చుకున్నా గ్లాసెత్తి ఒకసారి కిటికీ వైపు పెట్టి చూసి మరీ తాగేవాడు.

మామగారు దర్జీ. నలభై ఏళ్ళు మిషను తొక్కి, సూదిలోకి దారం ఎక్కడం మానేశాక దుకాణం మూసి కూతురి దగ్గరికి వచ్చారు. ఆయన ధర్మం వేరు.

"ఒక జేబు పొరపాటున అరంగుళం కిందకి పడిందనుకోండి అల్లుడుగారూ, విప్పకూడదు. విప్పితే గుడ్డ మీద సూది గాట్లు ఉండిపోతాయి. రెండో జేబు కూడా అరంగుళం దించెయ్యాలి. అప్పుడు దాన్ని తప్పనరు, ఫ్యాషనంటారు."

"మా దగ్గరైతే పగలగొట్టేస్తాం మామయ్యగారూ."

"సీసాలకి చెల్లుతుందిలెండి" అని నవ్వేవారు ఆయన.

ఒకసారి ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు ఇంటికి టీకి వచ్చాడు. పెద్దమనిషి, ముక్తసరి మనిషి. ఆయన బిస్కట్టు టీలో ముంచి ఏదో ఆలోచిస్తుండగా అది తెగి బుడుంగున మునిగింది. తెల్ల చొక్కా మీద నాలుగు చుక్కలు పడ్డాయి. అదేమంత విశేషం కాదు. మరుక్షణం మామగారు చేసిందే విశేషం. రెండు బిస్కట్లు జతచేసి ముంచారు. రెండూ తెగాయి. సగం కప్పు ఒళ్ళో పోసుకున్నారు. ఆ పైన చేతివేళ్ళతో బిస్కట్టు ముక్కల్ని వెతికి పట్టి, "ఈ కాలం బిస్కట్లకి వెన్నెముక లేదండీ" అన్నారు.

జనరల్ మేనేజరు కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అల్లుడికి మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది. మూడో అంతస్తు కాబట్టి చీలినా రెండో అంతస్తువాళ్ళ వంటింట్లో పడతాడు. ఆ అవమానం వేరే.

ఇది ఇలా ఉండగా, మామగారి చేతిలోని ఫోన్‌లోకి ఎక్కడినుంచో ఇద్దరు జపాన్ ఆడవాళ్ళు వచ్చి పడ్డారు. ఒకావిడ పొడుగు, ఒకావిడ పొట్టి. ఇద్దరికీ పెద్ద పెద్ద పూల చొక్కాలు. కూర్చునేది వంటింట్లోనే, వెనక ఫ్రిజ్ మీద ఒక పిల్లి నిద్రపోతుంటుంది. ఇద్దరి చేతుల్లో ఉకులేలేలు. అంటే గిటారుకి పుట్టిన పసికందులా నాలుగు తీగలతో ఉండే బుల్లి వాయిద్యం. ఎక్కడెక్కడి పాత పాటలనో తెచ్చి, వాటిని సముద్రపు ఒడ్డున ఉయ్యాల్లో పడుకోబెట్టి ఊపినట్టు, హవాయి పద్ధతిలో పాడతారు. పాట అయ్యాక ఒకరికొకరు నడుం దాకా వంగి దండం పెట్టుకుంటారు.

ఇక మామగారు ఆగలేదు. పాలవాడికి చూపించారు. లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కుకి, లిఫ్టులో ఇరుక్కున్న మనిషికి కూడా సందులోంచి చూపించారు. అల్లుడికి రోజుకో వీడియో పంపేవారు.

"పూర్తిగా చూశారా అల్లుడుగారూ?"

"చూశాను మామయ్యగారూ." పది సెకన్లు. అదీ పిల్లి కోసం.

"ఎలా ఉన్నారు?"

"బాగానే వాయిస్తున్నారు."

"వాయించడం ఎవరిక్కావాలండీ! వాళ్ళు దర్జీలు!"

"దర్జీలా?"

"చూస్తే తెలియడంలా? అచ్చమైన దర్జీలు. మావాళ్ళే!"

అల్లుడు భార్య వైపు చూశాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఆమె తల అడ్డంగా ఊపింది, వదిలెయ్యండి అన్నట్టు.

పదిరోజుల్లో మామగారు రెండు ఉకులేలేలు తెప్పించారు. "రెండోది ఎవరికి నాన్నా?" అని కూతురడిగితే, "అల్లుడుగారికి. ఒక్కడే వాయిస్తే తప్పు తప్పుగానే వినిపిస్తుందమ్మా, ఇద్దరుండాలి" అన్నారు. అల్లుడు దాన్ని భద్రంగా బీరువా మీద, సూట్‌కేసు వెనక పెట్టాడు.

అప్పట్నుంచి పాత జబ్బుకి కొత్త లక్షణం ఒకటి తోడయింది. పరువు తీసుకున్నాక మామగారు, ఇస్త్రీ ప్యాంటు మడతపెట్టినట్టు నడుం దగ్గర వంగి దండం పెట్టడం మొదలుపెట్టారు.

కింద హాల్లో కొత్తగా గాజు తలుపు బిగించారు. పై అంతస్తులో కొత్తగా చేరిన టీచరమ్మ చూసుకోకుండా వచ్చి దానికి ఠంగున గుద్దుకుంది. జనమంతా తిరిగి చూశారు. ఆవిడ నుదురు పట్టుకుని నిలబడి ఉండగానే, మామగారు గబగబా నడుచుకుంటూ వచ్చి అదే తలుపుకి అంతకు రెట్టింపు చప్పుడుతో గుద్దుకున్నారు. తలుపుకి దండం కూడా పెట్టారు. "గాజు పని చేసేవాళ్ళ ఇంట్లో ఉంటూ గాజు కనపడకపోతే ఎలా అండీ!" అని వాచ్‌మన్ నవ్వితే, చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వింది. అల్లుడు మెట్ల చాటుకి వెళ్ళిపోయాడు.

బావమరిది కూతురి పుట్టినరోజు నాడైతే మరీ ఘోరం. మామగారు ఇంట్లో బయలుదేరినప్పుడు శుభ్రంగానే ఉన్నారు. అక్కడ హాల్లో అడుగుపెట్టి, అల్లుణ్ణి ఒకసారి ఎగాదిగా చూసి, "ఇప్పుడే వస్తా" అని బాత్రూములోకి వెళ్ళారు. బయటికి వచ్చేసరికి స్వెట్టరు తిరగేసి ఉంది. కుట్లన్నీ బయటికి, మెడ వెనక చీటీ జెండాలా రెపరెపలాడుతోంది. పిల్లలు ఆయన చుట్టూ చేరి గంతులేశారు. ఆయన అందరికీ వంగి దండాలు. ఫొటోలో కూడా అలాగే నిలబడ్డారు, అల్లుడి పక్కనే.

"దర్జీ అయ్యుండి స్వెట్టరు తిరగేసుకుంటారా మామయ్యగారూ! ఒకసారి అద్దంలో చూసుకోవద్దూ?" అని మందలించాడు అల్లుడు దారిలో.

"చూసుకోవాలి బాబూ, ఎవరైనా సరే చూసుకోవాలి" అన్నారాయన వినయంగా.

ఇంతలో ఫ్యాక్టరీకి పాతికేళ్ళు నిండాయి. శనివారం నాలుగింటికి సభ, కుటుంబాలతో రమ్మన్నారు. 'లోపాన్ని ముందే కనిపెట్టడం ఎలా' అన్న విషయం మీద అల్లుడి ఉపన్యాసం. జనరల్ మేనేజరు ప్రత్యేకంగా పిలిచి, "మీ మామగారిని తప్పక తీసుకురండి" అన్నాడు. వెక్కిరిస్తున్నాడని అల్లుడు ఖాయం చేసుకున్నాడు.

"నాకా రోజు డ్యూటీ ఉందండీ. నాన్నని తీసుకెళ్ళండి. మీరు మాట్లాడుతుంటే వినాలని ఆయనకి ఎంత ఆశో" అంది భార్య.

అల్లుడికి కళ్ళముందే నాలుగు వందల మంది కనిపించారు. వాళ్ళ మధ్య ఉకులేలేతో మామగారు కనిపించారు. వెళ్ళి ఆయనతో, "ఆదివారం నాలుగింటికి మామయ్యగారూ, సిద్ధంగా ఉండండి" అని చెప్పాడు.

ఆయన సంబరంగా సుద్దముక్క తీసి బీరువా తలుపు మీద 'ఆదివారం 4' అని రాసుకున్నారు. వారం ముందే చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించారు.

శనివారం సభ బ్రహ్మాండంగా జరిగింది. ఉపన్యాసం అంతకన్నా బ్రహ్మాండంగా జరిగింది. చప్పట్ల మధ్య అల్లుడు వెనక్కి నడిచి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ లేదు. ఫొటోలవాడు అడ్డమని రెండడుగులు పక్కకు జరిపాడు. లోపాన్ని ముందే కనిపెట్టాలని అప్పుడే చెప్పి వచ్చిన మనిషి, ఖాళీ గాల్లో కూర్చుని, అక్కణ్ణుంచి నేల మీద కూర్చున్నాడు. ఆ చప్పుడు మైకులో కూడా పడింది.

నాలుగు వందల మంది నవ్వారు. అల్లుడు అప్రయత్నంగా పక్కకి చూశాడు, ఇంకెవరైనా పడతారేమోనని. ఎందుకలా చూశాడో అతనికే తెలియలేదు. ఎవరూ పడలేదు. వెళ్ళడానికి వేరే చోటు లేక ఆ నవ్వంతా అతని మీదే కూర్చుంది.

నడుం పట్టుకుని ఇంటికి వచ్చేసరికి భార్య డ్యూటీ దిగి వచ్చి ఉంది.

"నాన్నా, ఆయన ఎలా మాట్లాడారు? ఫంక్షన్ బాగా జరిగిందా?"

మామగారు తలుపుకి తగిలించిన చొక్కా వైపు చూశారు. అల్లుడి వైపు చూశారు. అల్లుడు తన బూట్లను తనిఖీ చేస్తున్నాడు. రెండు సెకన్లు పట్టింది, అంతే. మామగారు మెల్లగా బీరువాకి వీపు ఆనించి నిలబడి, చేయి వెనక్కి పెట్టి సుద్ద రాతని అరచేత్తో తుడిచేశారు.

"అయ్యయ్యో, ఇవాళేనా! శనివారమని అల్లుడుగారు నాలుగుసార్లు చెప్పారమ్మా. నేనే ఆదివారమనుకుని కూర్చున్నా. ముసలి బుర్ర!"

భార్య నవ్వుతుందని మామగారు అనుకుని ఉంటారు. ఆమె నర్సు, నవ్వలేదు. "మొన్న తలుపుకి గుద్దుకున్నావు. స్వెట్టరు తిరగేశావు. ఇప్పుడు వారాలు మర్చిపోతున్నావు. నేనింతకాలం పట్టించుకోలేదు చూడు! సోమవారం మెదడు డాక్టరుకి చూపిస్తాను. అప్పటిదాకా ఒక్కడివీ గడప దాటకు."

"అలాగేనమ్మా."

అల్లుడు వంగి బూట్ల లేసులు విప్పుకోసాగాడు.

ఆదివారం పొద్దున భార్య ఒక కాగితం మీద ఇంటి చిరునామా, ఫోన్ నంబరు రాసి తండ్రి జేబులో పెట్టింది, తప్పిపోతే పనికొస్తుందని. "ఇవాళ ఏ వారం నాన్నా?" అని అడిగింది.

మామగారు ఒక్క క్షణం ఆలోచించి, "ఆదివారం... కాదూ?" అన్నారు అనుమానంగా. అబద్ధాన్ని మధ్యలో వదిలేస్తే నిన్నటిది అతకదు మరి.

ఆ మాట వినలేక అల్లుడు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పారిపోయాడు. ఎక్కడ చూడాలో తోచక మామగారు పంపిన పాట నొక్కాడు. ఈసారి ఆపలేదు.

సగం పాట దాకా పిల్లి కదల్లేదు. అప్పుడు పొట్టావిడ ఒక తీగ తప్పు మీటింది. తనిఖీ అధికారి చెవికి కూడా తెలిసిపోయేంత తప్పు. ఆవిడ ముఖం ఎర్రబడింది. పొడుగావిడ ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు. మళ్ళీ ఆ చరణం రాగానే, సరిగ్గా అక్కడే, అదే తప్పు తనూ మీటింది. మూడోసారి ఇద్దరూ కలిసి మీటారు. ఇప్పుడది తప్పులా లేదు. పాటలో అన్నిటికన్నా అందమైన చోటు అదే అనిపించింది. చివర ఇద్దరూ వంగి దండం పెట్టుకున్నారు. పొడుగావిడ ఇంకాస్త ఎక్కువ వంగింది.

అల్లుడికి నాలుగు చుక్కల తెల్ల చొక్కా గుర్తొచ్చింది. నుదురు పట్టుకున్న టీచరమ్మ గుర్తొచ్చింది. ఆపైన స్వెట్టరు గుర్తొచ్చింది. గబగబా పుట్టినరోజు ఫొటో తీసి పెద్దది చేశాడు. తిరగేసిన స్వెట్టరుతో మామగారు. ఆయన పక్కనే, గంభీరంగా గడ్డం ఎత్తి, తన స్వెట్టరు కుట్లన్నీ బయటికి పెట్టుకుని, మెడ వెనక జెండాతో తనిఖీ అధికారి.

పదిహేనేళ్ళలో ఒక్క బుడగను వదలని కళ్ళు. ఆరోజు ఆయన్ని అద్దం చూసుకోమని తిట్టాడు కూడా.

వంటింట్లోకి వెళ్ళాడు. భార్య అంట్లు కడుగుతోంది.

"డాక్టరు అక్కర్లేదు. మామయ్యగారికి ఆదివారమని చెప్పింది నేనే. కావాలనే చెప్పాను. ఆయన వస్తే నా పరువు పోతుందని."

గిన్నె చప్పుడు ఆగింది. పక్క గదిలోంచి మామగారు పరుగున వచ్చి, "అలా కాదమ్మా, నేనే..." అన్నారు.

"మీరాగండి మామయ్యగారూ! ఈ ఒక్కటి నాకొదిలెయ్యండి."

భార్య చేతులు తుడుచుకుని వచ్చింది. తండ్రి జేబులోని కాగితం తీసి మొగుడి జేబులో పెట్టింది. "తప్పిపోయేది మీరన్నమాట" అని మళ్ళీ గిన్నెలవైపు తిరిగింది. రోజంతా మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

నాలుగింటికి బెల్లు మోగింది. జనరల్ మేనేజరు! "నడుం ఎలా ఉందయ్యా? మీ మామగారు రాలేదేం నిన్న? ఆయన కోసం ముందు వరసలో కుర్చీ వేయించాను" అంటూ లోపలికి వచ్చాడు.

మామగారు హడావుడిగా ఆ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడ్డారు. తొందరలో బొత్తాలు ఒక కాజా తప్పించి పెట్టుకున్నారు. ఒక వైపు అంచు పైకి, ఒక వైపు కిందకి. ఈసారి నాటకం కాదు, నిజంగానే తప్పు. మామగారు కిందకి చూసుకున్నారు. ముఖం ఎర్రబడింది. ఆయన సిగ్గుపడటం అల్లుడు చూడటం అదే మొదటిసారి.

అల్లుడు బీరువా మీది సూట్‌కేసు వెనకనుంచి రెండో ఉకులేలే తీశాడు. తీస్తూ తీస్తూ, అటు తిరిగి, తన చొక్కా బొత్తాలు విప్పి ఒక్కో కాజా కిందకి మార్చి పెట్టుకున్నాడు. వచ్చి మామగారి పక్కన కూర్చున్నాడు.

"నాకు వాయించడం రాదు మామయ్యగారూ."

మామగారు ఆ బొత్తాల వరసను పైనుంచి కిందకి చూశారు. "అదంత ముఖ్యం కాదు అల్లుడుగారూ. అసలు పని వచ్చేసింది" అన్నారు.

భార్య టీ తెచ్చి పెట్టి, ఇద్దరి చొక్కాలూ చూసి, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని వెనక్కి వెళ్ళింది. జనరల్ మేనేజరు కూడా చూశాడు. ముందు ఆ చొక్కా, తర్వాత ఈ చొక్కా. నెమ్మదిగా ఒక బిస్కట్టు తీసుకుని, టీలో ముంచి, అది తెగి పడేదాకా ఓపిగ్గా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.