వేషం చాటున తిట్టిన తిట్టు

తిరుపతిలో గంగజాతర జరిగే వారం రోజులూ ఎవరు ఎవర్ని తిట్టినా తప్పు లేదు. మగవాళ్ళు ఒక రోజు ఒంటి నిండా సుద్ద పూసుకుంటారు, ఒక రోజు కుంకుమ, ఒక రోజు బొగ్గు. వేపమండలు పట్టుకుని వీధులు తిరుగుతూ నోటికొచ్చిన బూతు తిడతారు. తిట్టించుకున్నవాళ్ళు నవ్వాలి. అమ్మవారికి ఆ తిట్లు ఇష్టమంటారు. వేషం కడిగేస్తే తిట్టు కూడా నీళ్ళతో పోతుందంటారు. నేను తిట్టిన తిట్టు ఒకటి పోలేదు. నలభై ఏళ్ళు దాటినా దాన్ని తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. నాయన పోయి మూడేళ్ళయింది. బట్టల షాపులో సేల్సుమాన్‌గా చేస్తూ, ఇంటికి మగదిక్కు నేనేనని మెడ నిక్కించుకుని తిరిగేవాణ్ణి. ఇంట్లో అమ్మ, చెల్లెలు. చెల్లెలు టీచర్ ట్రైనింగు చదువుతోంది. దానికి పదిహేడో ఏట మొదలైన మొటిమలు పంతొమ్మిది వచ్చినా తగ్గలేదు. నుదురు, బుగ్గలు, గడ్డం, ఎక్కడ చూసినా ఎర్రగా పొంగి, కొన్ని చీము పట్టి, కొన్ని ఎండి నల్ల మచ్చలై ఉండేవి.

వాటికి నేను వైద్యం చేశాను. ఎవరూ చేయమనలేదు. షాపుకు వచ్చే గూడూరు వ్యాపారి ఒకాయన సంచెడు నిమ్మకాయలిస్తే, సగానికి కోసి ఉప్పద్ది రుద్దుకోమన్నాను. మంటగా ఉందంటే "మండితేనే పోతాది, ఓర్చుకో" అన్నాను. అది కళ్ళు మూసుకుని ఓర్చుకుంది. మర్నాటికి తోలు ఊడి వచ్చింది. ఇంకోసారి పళ్ళు తోముకునే పేస్టు పూసుకోమన్నాను. వేడి చేయడం వల్లే ఇదంతా అని తీర్మానించి, అంతకుముందు వేసవిలో దానికి మామిడిపండు మాన్పించాను. దాని ఎదుటే కూర్చుని నేను బంగినపల్లి టెంక చీకాను. ఈ ఒక్క సంగతి చాలు నేనెలాంటివాణ్ణో చెప్పడానికి.

అదంతా చెల్లెలి మీద ప్రేమ అనుకుంటే పొరపాటు. మా వీధి చివర టీ అంగడి ఉండేది. షాపు కట్టేశాక నా స్నేహితులు నలుగురు అక్కడ చేరేవాళ్ళు. వాళ్ళలో ఒకడికి నోటి దురుసు ఎక్కువ.

"ఏమబ్బా, మీ సెల్లెలు మొగం మింద ఎవురన్నా ఆవాలు తిరగమోత పెట్టినారా?" అన్నాడు ఒకరోజు.

మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. వాడి గల్లా పట్టుకోవాల్సినవాణ్ణి నవ్వి, టీ తాగి, ఇంటికి వచ్చి చెల్లెలి మీద అరిచాను. "ఆ మొగం ఏసుకోని వాకిట్లో నిలబడబాక" అన్నాను. వాడి మీద రావాల్సిన కోపం దాని మీదకు తిప్పాను. అది ఎదురు చెప్పదు గనుక తిప్పాను.

ఆ ఏడు సంక్రాంతి పోయాక పక్క పోర్షన్‌లోకి ఒక నర్సమ్మ అద్దెకు దిగింది. క్రైస్తవులు. చిత్తూరు నుంచి బదిలీ అయి వచ్చింది. వచ్చిన వారానికే మా చెల్లెల్ని వాకిట్లో పట్టుకుని గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తి చూసింది.

"ఏం పూస్తా ఉండావు పాపా దీనికి?"

చెల్లెలు అన్నీ చెప్పింది. నర్సమ్మ నా వైపు చూసింది.

"నువ్వేనా అబ్బా ఈమె డాక్టరు? ఏ కాలేజీలో సదివినావు?"

నేను లోపలికి వెళ్ళిపోయాను. తలుపు వెనక నుంచి మాత్రం అంతా విన్నాను.

"సూడు పాపా, మొగాన్ని అంట్లగిన్నె తోమినట్టు తోమబాక. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి, గోరువెచ్చటి నీళ్ళు. చంటిబిడ్డలకు రుద్దే సబ్బు ఉంటాది సూడు, అది రవ్వంత, ఏళ్ళతోనే. సున్నిపిండి ఒద్దు. నిమ్మకాయ అసలే ఒద్దు. తుడిసేది కూడా రుద్దబాక, అద్దు. నీ తుండు నీకే ఉండల్ల, మీ అన్న ఒళ్ళు తుడుసుకునేది కాదు."

"తలకు ఆముదం పెట్టల్ల అంటాది మా యమ్మ."

"పెట్టనీ. పడుకునేటప్పుడు నుదుటి మీదికి కారకుండా ఎంటికలు ఎనక్కి కట్టుకో. దిండు గలీబు రెండు దినాలకొకసారి ఉతుక్కో. ఇంగ అన్నిటికన్నా పెద్దది, గోరు తగలనీయబాక. పుట్టేది పుట్టి, ఆరేది ఆరతాది. గిల్లితే మచ్చ నీతోనే ఉండిపోతాది."

"ఎన్ని దినాలకు తగ్గతాది నర్సమ్మా?"

"దినాలు కాదు, నెలలు. అప్పటికీ తగ్గకుంటే ఆస్పత్రిలో డాక్టరుకు నేనే సూపిస్తా. కాలమొస్తే మామిడిపండు తినుకో పో."

చెల్లెలు ఆ మాటలు పట్టుకుంది. దానికి తొందర ఉంది, ఓపికా ఉంది. బడులు తెరిచాక జూన్‌లో దానికి పాఠం పరీక్ష. మునిసిపల్ స్కూల్లో నలభైమంది పిల్లల ముందు నిలబడి, వెనక బెంచీలో అధికారి కూర్చుని చూస్తుండగా, ఒక పీరియడు పాఠం చెప్పాలి. చెప్పకపోతే ఏడాది పోయినట్టే. పాఠమంటే దానికి భయం లేదు. నలభై జతల కళ్ళు దాని మొహం వైపు చూడటమే భయం. మొదటి ఏడు ఒకసారి క్లాసులో ఎవరో పిల్లవాడు "టీచరుకు అమ్మవారు పోసినాది" అన్నాడట. ఏడుస్తూ ఇంటికి వచ్చి, ఇంక నేను పోనంది. అమ్మ బతిమాలి పంపింది.

పొద్దున్నే లేచి నీళ్ళు కాచుకోవడం, దిండు గలీబులు తీగ మీద ఆరేయడం, చేయి మొహం మీదకు పోతుంటే తనంతట తానే దించుకోవడం, ఇవన్నీ నేను చూశాను. ఫిబ్రవరిలో ఏమీ తేడా లేదు. నేను వెక్కిరించాను. మార్చిలో చీము పట్టేవి తగ్గాయి. ఏప్రిల్ చివరికి నుదురు దాదాపు శుభ్రపడింది. అమ్మ దాన్ని వెలుతురులోకి తిప్పి చూసి, "రవ్వంత నున్నగా అయిండాది మే" అంది. అది సిగ్గుపడి నవ్వింది. చాన్నాళ్ళకు ఆ నవ్వు.

మే నెలలో జాతర వచ్చింది. బండ వేషం రోజు, అంటే కుంకుమ పూసుకునే రోజు, నేనూ నా స్నేహితులూ ఒళ్ళంతా ఎర్రగా మెత్తుకుని బయలుదేరాం. ఎండ మండిపోతోంది. అందరికీ నోళ్ళు లేచాయి. ఎదురొచ్చిన పెద్దమనుషుల్ని, అద్దె వసూలు చేసే ఇంటివాళ్ళని, మా షాపు యజమానిని కూడా తిట్టాం. ఆయన చేతులు జోడించి నవ్వాడు. ఆ మత్తులో మా వీధిలోకి తిరిగాం.

చెల్లెలు వాకిట్లో నిలబడి వేషాలవాళ్ళకు అంబలి పోస్తోంది. ఎన్నాళ్ళ తర్వాతో అంతమందికి మొహం చూపిస్తూ నిలబడింది. నా పక్కన నడుస్తున్న ఆ దురుసువాడు నా భుజం తట్టి, "మీ ఇల్లొచ్చినాదప్పా, ఇప్పుడు తిట్టు సూద్దాం, మగోడివైతే" అన్నాడు.

నేను తిట్టాను.

"ఏమే, గుంతపొంగణాల పెనమా! నీ మొగం సూస్తే పిలకాయలు బడెగ్గొట్టి పారిపోతారు గదే! నువ్వు టీచరమ్మవంటే!"

వీధి వీధంతా నవ్వింది. చెల్లెలు కూడా నవ్వింది. నవ్వాలి కదా. గరిటె చేతిలోనే ఉంది. నా గ్లాసులో అంబలి పోసింది, ఒక్క చుక్క ఒలకలేదు. నా వెనక వాళ్ళకూ పోసి, కుండ కింద పెట్టి లోపలికి వెళ్ళింది.

జాతరలో బూతులు ఊరికే తిడతారు. ఎవరికైనా సరిపోయే బూతులవి. నేను తిట్టింది బూతు కాదు. ఇంట్లో ఉండి దాని భయం ఎక్కడుందో తెలుసుకుని, కుంకుమ వెనక దాక్కుని, సరిగ్గా అక్కడే పొడిచాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అమ్మ తలుపు దగ్గర కూలబడి ఉంది. చెల్లెలు దొడ్లో తడిక చాటుకు పోయి, సున్నిపిండి, ఆ తర్వాత మడమలు రుద్దుకునే రాయి తీసుకుని మొహం రుద్దుకుందట. అమ్మ చేయి పట్టుకుని లాగేదాకా ఆపలేదట. నేను చూసేసరికి రెండు బుగ్గలూ రక్తమోడుతున్నాయి. నాలుగు నెలల ఓపిక అరగంటలో పోయింది. రుద్దింది దాని చేయే, రాయి అందించినవాణ్ణి నేను.

నర్సమ్మ వచ్చి చల్లటి నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డ అద్దింది. నా వైపు తిరిగి, "ఒళ్ళంతా ఎర్రగా పూసుకోనుండావే, సిగ్గనేది యాడన్నా ఒక సోట పూసుకోకూడదా?" అంది.

తక్కువే అంది. ఇంకా అనాల్సింది. మిగతావాళ్ళెవరూ అది కూడా అనలేదు. "జాతర తిట్లు పట్టించుకుంటారంటమ్మా ఎవురన్నా" అంది మాకు ఇల్లు అద్దెకిచ్చినామె. "పిచ్చిది, అన్న ఆటకన్నాడు" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. అమ్మ కూడా చివరికి, "పోనీలేరా, వేషంలో అన్నావు" అంది. ఊరంతా కలిసి నన్ను వదిలేసింది. అలా వదిలేయడం నాకు హాయిగా ఉండింది, అదే నాకిప్పుడు అసహ్యం.

మర్నాటి నుంచి దాని పనులు నేను చేశాను. నీళ్ళు కాచి తొట్టిలో పోశాను. గలీబులు ఉతికాను. తుండు విడిగా ఎండలో ఆరేశాను. ఈగ వాలకుండా పక్కన కూర్చుని విసిరాను. పుండ్లు మానాయి. బుగ్గల మీద నల్లటి పట్టీల్లా మచ్చలు తేలాయి. మొటిమలు మళ్ళీ పొంగాయి. అది మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది, రెండు పూటలా, వేళ్ళతోనే, రుద్దకుండా.

పాఠం పరీక్ష ముందురోజు సాయంత్రం నేను దాని ముందు కూర్చుని, "నన్ను క్షమించు పాపా" అన్నాను.

"దేనికి అన్నా?"

"ఆ పొద్దు అన్నదానికి."

"అది జాతర తిట్టు గదా. తప్పేముండాది? ఊరంతా అదే అంటా ఉండాది." నా వైపు తిరిగి అంది. "కాదని నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంట్లో నాకు సెప్పేది కాదన్నా. ఆ టీ అంగడికాడ, వాళ్ళ ముందర సెప్పు. అది జాతరకు తిట్టింది కాదు, మా సెల్లెల్ని కావాలనే తిట్టినానని సెప్పు. వేషం లేకుండా సెప్పు."

చెప్తానన్నాను.

పొద్దున సైకిలు వెనక కూర్చోబెట్టుకుని స్కూలుకు బయలుదేరాను. టీ అంగడి దగ్గర నలుగురూ ఉన్నారు. "ఈడ ఆపన్నా" అంది. ఆపాను. ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాను. ఆ దురుసువాడు గ్లాసు ఎత్తి, "ఏమప్పా, టీచరమ్మ బయలుదేరినాదా?" అన్నాడు. నోరు తెరిచాను. కుంకుమ పూసుకుంటే వీధి చివరికి వినిపించే నా గొంతును ఆ రోజు తగ్గించి, "ఆ, పరీక్ష ఉండాదబ్బా" అన్నాను. అంతే అన్నాను. పెడల్ తొక్కాను.

సైకిలు తేలిగ్గా ఉందని పది గజాలు పోయాక గాని తెలియలేదు. వెనక్కి చూస్తే అది అక్కడే దిగి నడిచి వస్తోంది. కొంగు మొహం మీదకు లాక్కోలేదు. టీ అంగడి ముందు నుంచే, వాళ్ళు చూస్తుండగా, పుస్తకాలు గుండెకు పెట్టుకుని తలెత్తుకుని నడిచింది. నన్ను దాటిపోతూ నా వైపు చూడలేదు. నేను సైకిలు పట్టుకుని వెనకే నడిచాను, ఎక్కమనే ధైర్యం లేక.

ఆ రోజు పాఠం బాగా చెప్పిందట. ముందు బెంచీ పిల్లవాడొకడు "మీ మొగానికి ఏమైంది టీచర్?" అని అడిగితే, "గట్టిగా రుద్దినా, అట్టా రుద్దకూడదు" అని చెప్పి, బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టిందట. ఈ సంగతులేవీ అది నాతో చెప్పలేదు. వారం తర్వాత నర్సమ్మ చెప్తే తెలిసింది.