ఎర్రబండ కాలనీ గెలవని బిందె

జాన్సన్ గారు మంచివారు. ఆ మాట ముందే రాసేస్తున్నాను, తర్వాత రాసే ఓపిక నాకు ఉండకపోవచ్చు.

ఎల్బీనగర్ వెనకవైపు ఎర్రబండ కాలనీలో ఆయనది రెండంతస్తుల ఇల్లు. కింద ఆయన, ఆయన భార్య మల్లమ్మ గారు. పైన అద్దెకు మేము: నేను, మా ఆయన గౌతమ్, అయిదేళ్ల పాప. జాన్సన్ గారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. గోడకు మేకు కొడితే అరవరు. చుట్టాలొస్తే లెక్కపెట్టరు. పాపకు జ్వరమొస్తే మాకన్నా ముందు ఆయనే ఆటో పిలుస్తారు. ఇన్ని మంచి గుణాలున్న మనిషికి ఒక్కటే జబ్బు. కబడ్డీ కప్పు.

కప్పు అంటున్నాను గానీ అది స్టీలు బిందె. దాని చరిత్ర నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకి బయల్దేరే సమయానికే ఆయన మెట్ల దగ్గర కూర్చుంటారు. ఆ చరిత్ర వింటూ దిల్‌సుఖ్‌నగర్ బస్సు ఎన్నిసార్లు తప్పిపోయిందో నాకే తెలియదు.

ఈ కాలనీలన్నీ రాళ్లూ ముళ్లకంపలుగా ఉన్న రోజుల్లో కుళాయిలు లేవు. ఎర్రబండకూ చంపాపేట్ వైపున్న కాలనీకీ కలిపి ఒకటే నీళ్ల ట్యాంకరు. అది వచ్చిందంటే యుద్ధమే. ఒక ఎండాకాలం ఎవరి బిందో ఎవరి తలకో తగిలి కుట్లు పడ్డాయి. అప్పుడు జాన్సన్ గారి పెదనాన్న కొమరయ్య గారు మధ్యలోకి వచ్చి, "కొట్టుకునుడు ఎట్లయినా కొట్టుకుంటున్నరు. గదేదో గీత గీసుకొని కొట్టుకోండ్రి" అన్నారట. గీత గీసి కబడ్డీ ఆడారు. గెలిచిన కాలనీకి ఆ ఎండాకాలమంతా ట్యాంకరు దగ్గర మొదటి వంతు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్టీలు సామాను కొట్టాయన ఒక బిందె ఇచ్చి, గిన్నెల మీద పేర్లు కొట్టే మిషనుతో చుక్కల అక్షరాల్లో గెలిచినవాళ్ల పేరు కొట్టించాడు. గెలిచింది చంపాపేట్ వాళ్లు.

తర్వాత నాగోల్ వైపు జట్టు చేరింది. అల్మాస్‌గూడ ఇంకా ఊరుగా ఉన్నప్పుడే వాళ్లూ చేరారు. ట్యాంకర్లు పోయి కుళాయిలు వచ్చాయి. కొట్టుకోవడానికి కారణం పోయింది, ఆట మిగిలింది. ఖాళీ ప్లాట్లు ఒక్కొక్కటీ అపార్ట్‌మెంట్లయితే ఆట వీధిలోకి వచ్చింది, వీధిలో కార్లు నిండితే బడి ఆవరణలోకి, అక్కడా వద్దంటే ఫంక్షన్ హాలు పార్కింగులోకి. బిందె మాత్రం ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి తిరుగుతూనే ఉంది. ఒక ఏడాది గెలిచినవాళ్లు పెళ్లింట్లో దాన్ని కట్టెల పొయ్యి మీద పెట్టి నీళ్లు కాచారు. అడుగు నల్లబడింది. ఆ మసి వదలడానికి ఎన్ని రోజులు తోమాల్సి వచ్చిందో జాన్సన్ గారు ఇప్పటికీ లెక్క చెబుతారు.

ఇన్నేళ్లలో బిందె మీద ఎక్కని పేరు ఎర్రబండ కాలనీ ఒక్కటే. దానికి కారణం స్వయంగా జాన్సన్ గారు.

ఒకసారి ఒక జట్టు పండగ పూట వరంగల్ వైపు నుంచి డీసీఎం వ్యానులో ఆటగాళ్లను దించింది. అప్పట్నుంచి కాలనీలో కాపురం ఉన్నవాడే ఆడాలని జాన్సన్ గారు నియమం పెట్టారు. మరి ఉన్నాడని ఎలా తెలుసుకోవాలి? కాగితాలు ఎవరైనా పుట్టిస్తారు. ఓనరు సాక్ష్యమంటే ఓనర్లందరూ అబద్ధమాడతారు. అందుకని టాసు వేసే ముందు ఎదుటి జట్టు ఒక ఆటగాణ్ణి ఆపించి ఒకే ప్రశ్న అడిగించవచ్చు. మీ గల్లీలో నల్లా ఎప్పుడొస్తుంది? కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో, అక్కడ నిద్రలేచేవాడికి ఇది పుస్తకం చూసి చెప్పాల్సిన సంగతి కాదు. వ్యానులో వచ్చినవాడు చెప్పలేక ఆటలోంచి బయటికి పోతాడు. అడిగేదీ తీర్పు చెప్పేదీ జాన్సన్ గారే. నాలుగు కాలనీలూ ఆయన్నే నమ్ముతాయి, ఎందుకంటే ఆయన ఎక్కువసార్లు బయటికి పంపింది సొంత జట్టువాళ్లనే.

వాళ్లలో ఆయన సొంత తమ్ముడు లచ్చయ్య కూడా ఉన్నాడు. అత్తగారింట్లో నెల్లాళ్లు ఉండొచ్చిన పాపానికి నీళ్ల వేళ మారిన సంగతి తెలియక ఫైనల్లోంచి పోయాడు. ఇప్పటికీ ఇంటికొచ్చినప్పుడల్లా మొదలుపెడతాడు.

"ఏమన్నా, ఎర్రబండ పేరు బిందె మీద ఎప్పుడెక్కుతది? మనం పోయినంక సమాధి రాయి మీద చెక్కిపిస్తవా?"

"ఎక్కుతదిరా. సక్కగ ఎక్కుతది" అంటారు జాన్సన్ గారు.

ఆయన బతుకులో ఇక మిగిలిన కోరిక అదొక్కటే. మల్లమ్మ గారి మాటల్లో, "మోకాళ్లు పోయినయి, షుగరొచ్చింది, గా బిందె పిచ్చి మాత్రం పోలే."

ఆ పిచ్చి మా పై అంతస్తుకు ఎలా పాకిందో చెప్పాలి. ఒకరోజు పాప నా చెయ్యి విదిలించుకుని మెట్లమీంచి గేటు వైపు పరుగెత్తింది. బయట నీళ్ల క్యాన్ల ఆటో వెనక్కి వస్తోంది. గౌతమ్ మూడు మెట్ల మీంచి దూకి, నేలమీద పడుకున్నట్టుగా జారి, పాప చీలమండ పట్టేశాడు. నేను ఏడుస్తున్నాను. పాప నవ్వుతోంది. జాన్సన్ గారు పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"సార్, గా పట్టు ఎక్కడ నేర్చిండ్రు?"

"మా భీమవరంలో కాలేజీ జట్టుకి ఆడేవాణ్ణండి" అన్నాడు గౌతమ్, మోచేతి రక్తం తుడుచుకుంటూ.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే మనిషి, రోజంతా నిలబడే ఉద్యోగం, ముప్పై అయిదేళ్ల మోకాళ్లు. మర్నాటి నుంచి ప్రతి సాయంత్రం ప్రాక్టీసు. నేను లిగమెంట్ గురించి చెప్పాను. ధనుర్వాతం ఇంజెక్షను వేయించాను. సిమెంటు నేల మీద పరిచే మ్యాటు మందం ఎంతో అడిగాను. జాన్సన్ గారు నా ప్రతి ప్రశ్నకీ, "ఏం గాదమ్మా, నేనున్న గదా" అనే ఒక్క జవాబే ఇచ్చారు. ఆయన ఉంటే మోకాలికి ఏం ఒరుగుతుందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

నా కోపం పక్కన పెడితే, గౌతమ్ బాగా ఆడాడు. కూతకు వెళితే ఉత్త చేతులతో రాలేదు. నాగోల్ వాళ్లను ఓడించారు. ఆ మ్యాచులో అతన్ని ఎవరూ ఆపించి అడగలేదు, కొత్త మనిషి ఎలా ఆడతాడో ఎవరికీ తెలియదు కాబట్టి. ఫైనల్ చంపాపేట్‌తో. జాన్సన్ గారు ఆ వారంలో స్టీలు కొట్టు ముందు రెండుసార్లు ఆగి, పేర్లు కొట్టే మిషను పనిచేస్తోందా అని అడిగొచ్చారట. మల్లమ్మ గారు చెప్పారు.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక మ్యాచు. సాయంత్రం అదే ఫంక్షన్ హాల్లో రిసెప్షను ఉంది, నాలుగింటికల్లా ఖాళీ చేయాలి. ఒక పక్క మ్యాటు పరుస్తుంటే ఇంకో పక్క బంతిపూల దండలు దిగుతున్నాయి. చంపాపేట్ జట్టు పెద్ద వెంకట్రావు గారు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడి, ప్లైవుడ్ వ్యాపారం చేస్తారు. ఆయన నింపాదిగా వచ్చి గౌతమ్ వైపు చూపించారు.

"జాన్సన్ గారూ, ఆ పొడుగాయన్ని ఒకసారి అడగాలండి. ఏమనుకోవద్దు. రూలు మీరు పెట్టిందేగా."

జాన్సన్ గారు గౌతమ్ ముందుకు వెళ్లి, కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"సార్, మీ గల్లీల నల్లా ఎప్పుడొస్తది?"

గౌతమ్ నవ్వాడు. మేమిద్దరం ఆ ప్రశ్నను పాతకాలపు కథలో ముక్క అనుకున్నామే తప్ప, మమ్మల్ని ఎవరో అడుగుతారనుకోలేదు. జాన్సన్ గారు నవ్వకపోయేసరికి అతనూ ఆగాడు.

"పొద్దున్నే... అనుకుంటానండి."

"ఏ పొద్దున? రేపొస్తదా, ఎల్లుండొస్తదా?"

గౌతమ్ నా వైపు చూశాడు. నేనేం చెప్పగలను? ఆ నీళ్లలో క్లోరిన్ ఎంత ఉండాలో, ఏ బ్యాక్టీరియా పెరిగే అవకాశముందో చెప్పగలను. ఎప్పుడొస్తాయో నాకూ తెలియదు. తిప్పితే వస్తాయి. మూడేళ్లుగా ఎప్పుడు తిప్పినా వస్తూనే ఉన్నాయి.

"మేం తాగడానికి క్యాన్లు తెప్పించుకుంటామండి" అన్నాడు గౌతమ్. పార్కింగంతా గొల్లున నవ్వింది.

అప్పుడు మల్లమ్మ గారు కుర్చీలోంచి లేచారు.

"గా సారుకెట్ల తెలుస్తదయ్యా? తెల్లారకముందే లేచి మోటరేసేటోడివి నువ్వు. పైన చిన్నపిల్ల లేస్తదని చెప్పులు గూడ ఇడిసి నడుస్తివి. ఆళ్లకు తెల్వకుంట నీళ్లెక్కిచ్చి, ఇప్పుడు నల్లా ఎప్పుడని అడుగుతున్నవా?"

ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది. జాన్సన్ గారు నేల చూపులు చూశారు.

"ఓనర్ సాక్ష్యం చెల్లది" అన్నారు.

"నేను ఓనర్‌ను గాను. ఓనర్ పెండ్లాన్ని!"

చంపాపేట్ వాళ్లతో సహా మళ్లీ అందరూ నవ్వారు. నేను పాపను ఎత్తుకుని మ్యాటు దాకా వెళ్లాను. "మీ నెత్తిమీదే ఉంటున్నాం కదండీ. ఇది గంతులేస్తే మీ ఫ్యాను ఊగుతోందని మీరే అన్నారు. మేం ఎర్రబండలో ఉంటున్నామో లేదో మీకు తెలీదా?"

"తెలుసమ్మా. నాకు తెలిసింది చెల్లది. సారుకు తెలిసింది చెల్లుతది" అని, వేలెత్తి గౌతమ్‌ను బయటికి చూపించారు.

వెంకట్రావు గారికే ఇబ్బందిగా అనిపించినట్టుంది. "పోన్లెండి జాన్సన్ గారూ, వదిలేద్దాం" అన్నారు. ఈయన వదల్లేదు. అడిగిన తర్వాత వదిలేస్తే, రేపు ఎవర్నీ అడగలేమన్నారు.

గౌతమ్ స్థానంలోకి కర్రీ పాయింట్ మట్టయ్య దిగాడు. నలభై దాటినవాడు, పొట్ట కూడా ఉంది. అతన్ని ఎవరూ అడగకముందే మొదలుపెట్టాడు.

"నిన్న ఒచ్చింది, రేపొస్తది, పొద్దుగాల నాలుగున్నరకు. ఒచ్చి ఏం లాభం? దారం లెక్క సన్నగ. రెండు గిన్నెలు కడిగేలోపల బంద్. ఎవ్వలికి చెప్పుకోవాలె?"

"ఆడు" అన్నారు జాన్సన్ గారు.

మట్టయ్య నిజాయితీగా ఆడాడు. కూతకు వెళ్లిన ప్రతిసారీ దొరికిపోయాడు, ఒక్కసారి మాత్రం ఇద్దర్ని ఈడ్చుకుంటూ గీత దాటాడు. ఎర్రబండ రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. రెండంటే రెండు. గౌతమ్ ఒక్క కూతలో తెచ్చేవాడు. జాన్సన్ గారు బిందెను తువ్వాలుతో తుడిచి వెంకట్రావు గారి చేతుల్లో పెట్టారు. పూలవాళ్లు మమ్మల్ని తోసుకుంటూ మ్యాటు చుట్టేశారు.

సాయంత్రం ఆయన మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నారు. కింది ఇంట్లో మల్లమ్మ గారు గిన్నెలు గట్టిగా పెడుతున్నారు. నాకు జాలి వేయలేదు. వేసి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు.

"ముందే ఒక్క మాట చెప్తే పోయేది కదండీ, నీళ్లు ఫలానా వేళకి వస్తాయని" అన్నాను.

"అడిగేటోన్ని నేనే, చెప్పేటోన్ని నేనేనా? సారు పిల్లలకు పేపర్ లీక్ చేస్తడా?"

"ఆ ప్రశ్న ఊరందరికీ తెలుసు!"

"ప్రశ్న తెలుసు. జవాబు ఎవరిది వాళ్లకు తెలవాలె."

నేను ఓపిక తెచ్చుకుని, నాకు వచ్చిన పద్ధతిలో చెప్పి చూశాను. మా ల్యాబులో ఒక పరీక్ష జబ్బున్న మనిషికి జబ్బు లేదని చెబితే ఆ పరీక్ష తప్పంటాం. మీ ప్రశ్న ఇక్కడే కాపురమున్న మనిషిని లేడంటోంది. ఇప్పుడు అందరికీ సంపులున్నాయి, మోటార్లున్నాయి, వాచ్‌మన్‌లున్నారు. అపార్ట్‌మెంట్లో ఎవర్ని అడిగినా చెప్పలేరు. పరీక్ష పాతదైపోయింది, మార్చండి.

ఆయన శ్రద్ధగా విన్నారు.

"సరే. గీ పరీక్షతోని బయటోడు ఒక్కడన్న లోపలికి ఒచ్చిండా అమ్మా?"

"రాలేదు. కానీ..."

"గంతే సాలు."

నేను తలుపు వేసుకున్నాను. ఆ రాత్రి గౌతమ్‌తో నాగోల్‌లో మెట్రో దగ్గర ఫ్లాటు చూద్దామన్నాను. అతను మోకాలికి ఐసు పెట్టుకుంటూ, "వచ్చే ఏడు ఇక్కడే ఉంటే..." అన్నాడు. నేను తర్వాతి మాట వినలేదు.

నాలుగున్నరకు తలుపు దబదబా మోగింది. పాపకేమైందోనని లేచాను. పాప నా పక్కనే ఉంది, ఆ చప్పుడుకి లేచి ఏడుపు అందుకుంది. తలుపు తీస్తే జాన్సన్ గారు, టార్చి లైటుతో, ఈసారి చెప్పులు వేసుకుని.

"అమ్మా, సారును లేపుండ్రి. నల్లా ఒచ్చింది. ఇగ నుంచి మోటరు ఆయనే వేస్తడు."

"ఇప్పుడా?"

"రాత్రి చెప్తే గుర్తుండది. చూస్తే ఉంటది."

గౌతమ్ నా మొహం చూడకుండా లుంగీ సర్దుకుంటూ దిగిపోయాడు. నేను పాపను భుజాన వేసుకుని మెట్ల మీద నిలబడ్డాను. కింద ఇద్దరూ సంపు మూత తీసి లోపలికి వంగి చూస్తున్నారు. టార్చి వెలుగులో నీళ్లు మట్టయ్య చెప్పినంత సన్నగానే పడుతున్నాయి. పాప ఏడుపు ఆపి, తనూ చూస్తానని గింజుకుంటోంది. మూత లేని సంపు పక్కకి దీన్ని ఎవరు పంపిస్తారు? గట్టిగా పట్టుకున్నాను.

"ఎంతసేపు వస్తాయండీ ఇవి?" అని విసుగ్గా అరిచాను.

జాన్సన్ గారు టార్చి పైకెత్తి గౌతమ్ వైపు తిరిగారు. మొహం వెలిగిపోతోంది.

"గదే సార్, ఒచ్చే ఏడు గది గూడ అడుగుతరు. జర యాదికి పెట్టుకోండ్రి!"