ఆబ్కారీ ముద్ర పడిన మందు

1945. సిద్దిపేట బజారులో నాది ఇంగ్లీషు మందుల దుకాణం. అప్పట్లో నిజాం రాజ్యానికి సొంత కస్టమ్స్ ఉండేది, కరోడ్‌గిరి అనేవారు. బొంబాయి నుంచి వచ్చే పార్సెల్ ఏదైనా వాళ్ల తనిఖీ నాకాలో విప్పాల్సిందే. దగ్గుమందుకైతే సుంకం కడితే సరిపోయేది. మార్ఫియాకు మాత్రం ఇంపోర్ట్ పర్మిట్ కావాలి. అంటే ఫలానా రోగికి ఇంత మందు తెప్పించుకోవచ్చని సర్కారు ముందుగా ఇచ్చే అనుమతి. మార్ఫియాను నల్లమందు నుంచి తీస్తారు కనుక ఆ అనుమతి ఇచ్చేది వైద్యశాఖ కాదు, కల్లు, సారా దుకాణాలను వేలం వేసే ఆబ్కారీ శాఖ. నొప్పి తీసే మందుకూ మత్తు అమ్మే వ్యాపారానికీ యజమాని ఒక్కడే! మా ఎదురుగానే సర్కారు నల్లమందు దుకాణం ఉండేది. అక్కడ కొనేవాణ్ణి ఎవరికి, ఎందుకని అడిగిన పాపాన పోయినవాడు లేడు.

అక్కన్నపేట బడిలో చదువు చెప్పే దావీదు పంతులు నా మిత్రుడు. ఆ రోజుల్లో నాట్లకు పోయే తల్లులు పసిపిల్లలు ఏడవకుండా నల్లమందు నాకించేవారు. అతని తొలిబిడ్డ చాలా ఏళ్ల కిందట అలాగే నిద్రలో పోయింది. నాకించింది భార్య మరియమ్మే. ఆ పదార్థం మళ్లీ తన గడప తొక్కదని దావీదు ఒట్టు పెట్టుకున్నాడు. ఊరూరా తిరిగి మాట్లాడాడు. హేతువాదిగా పేరుపడ్డ నేనూ అతని పక్కన నిలబడి “మత్తు ఏ రూపంలో ఉన్నా విషమే” అని గర్జించాను.

ఆ ఏడాది అతని దవడకు పుండు లేచింది. క్యాన్సరని దవాఖాన డాక్టరు తేల్చాడు. నయం కాదు, నొప్పి తగ్గించడమొక్కటే మిగిలింది. మార్ఫియా పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాను. డాక్టరు సర్టిఫికెట్ సరిగా లేదని తిప్పి పంపారు, మళ్లీ పెట్టాను. పర్మిట్ వచ్చాక పార్సెల్ నాకాలో ఆగింది. ఎట్టకేలకు ఆంప్యూళ్లు, అంటే మందు నింపి మూసిన గాజు గొట్టాలు, చేతికొచ్చాయి. డాక్టరును వెంటబెట్టుకుని అక్కన్నపేట పోయాను.

మందు అందినట్టు రోగి సంతకం చేయాలని నియమం. చదవకుండా సంతకం పెట్టే మనిషి కాడు దావీదు. మందు పెట్టె మీది ముద్రపై వేలు పెట్టాడు.

“గిది ఆబ్కారోళ్ల ముద్ర గదన్నా?”

“అవును.”

“అంటే దీంట్ల ఉన్నది నల్లమందేనా?”

అబద్ధమాడితే పని జరిగిపోయేది. కానీ అడిగాక కూడా తెలియనివ్వకుండా మనిషి ఒంట్లోకి మందు ఎక్కించడం నా దృష్టిలో మోసం. “దాంట్లకెల్లే తీసిన్రు. కానీ దీనికి కొలత ఉన్నది, డాక్టరు చేతిల ఉన్నది” అన్నాను.

“ఏ రూపంల ఉన్నా విషమే అని నువ్వే అంటివి. ఇప్పుడు నీ దుకాణంల సరుకైతే మాట తిప్పుతవా?” ఆ నొప్పిలోనూ ఎకసెక్కంగా నవ్వబోయాడు. దవడ సహకరించలేదు.

మరియమ్మ మంచం పట్టె పట్టుకుంది. “అయ్యా, సూది ఏపిచ్చుకో.”

“నీకు తెల్వదు, ఊకో.”

“నాకు తెల్వదా? బిడ్డకు నాకిచ్చింది నేను గాదా? ఇన్నేండ్లు నన్ను ఒక్క మాట అనలే. గిప్పుడు నా కండ్లముందట గిట్ల మొత్తుకొని శిక్షేస్తవా?”

దావీదు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “శిక్ష గాదే పిచ్చిదానా. అప్పుడు పెట్టుకున్న ఒట్టు.”

రోగి ఒప్పుకోనిదే సూది వేయనన్నాడు డాక్టరు. చీకటి పడేదాకా వాదించాను. సభల్లో ఎవరికీ లొంగని నా నోరు ఆ మంచం దగ్గర పనికిరాలేదు. కొన్నాళ్లకు దావీదు పోయాడు. కడదాకా కేకలు పెడుతూనే పోయాడు.

వాడని మార్ఫియాను ఆబ్కారీ వాళ్ల ముందు ధ్వంసం చేయాలి. ఇన్‌స్పెక్టర్ నా దుకాణానికి వచ్చిన రోజు మరియమ్మ కూడా వచ్చింది. ఒక ఆంప్యూల్‌ను వెలుగుకు పట్టి చూసింది.

“గింతేనా అన్నా?”

“గింతేనమ్మా.”

“నీళ్ల లెక్కనే ఉన్నది గద.”

ఇన్‌స్పెక్టర్ తల వంచుకుని, “ఇట్లియ్యమ్మా” అన్నాడు. ఒక్కొక్కటీ రాతి మీద పగలగొట్టాడు. ఎదురు దుకాణంలో బేరాలు సాగుతూనే ఉన్నాయి.

ఔషధాన్నీ వ్యసనాన్నీ ఒకే ముద్ర కింద కట్టిన సర్కారును ఆ తర్వాత నా వ్యాసాల్లో చీల్చి చెండాడాను. అయితే మా నినాదం చేసిన పనీ అదే. విడదీసి చూడటం హేతువాది మొదటి విధి. మేము ఒకే మాటతో అన్నిటినీ కలిపి తగలబెట్టాం. ఎంత, ఎవరికి, ఎందుకు అని అడగడం దావీదూ నేనూ ముందే నేర్చుకుని ఉంటే, ఆ గాజు గొట్టాలు నా దుకాణం ముందు కాదు, అతని మంచం పక్కన సూది కోసం పగిలేవి.