సముద్రం ఒడ్డున చెలమ

అరచేతిలో కొబ్బరికాయ నిటారుగా లేస్తే కింద నీళ్లున్నట్టేనని నమ్మే జిల్లా మాది. నేను దాన్నే నమ్మను, ఇక దయ్యాల మాట సరేసరి. అనంతపురంలో బోరు మోటార్లు బాగుచేసే షాపు నాది. కొబ్బరికాయ లేచిన చోట దుమ్ము లేవడం చూశాను, లేవని చోట నీళ్లు పడటమూ చూశాను. మోటారు విప్పి లోపల పట్టిన తుప్పు చూస్తే ఆ నీళ్లు ఎంత ఉప్పో చెప్పగలను. నాకు తెలిసిన విద్య అంతే. ఈ సంగతి రాస్తే తెలిసినవాళ్లు నవ్వుతారని చాలా రోజులు వెనకాడాను.

మా అన్న కూతురు మౌనికకు పెళ్లి కుదిరింది. అబ్బాయిది గుంతకల్లు, తండ్రి రైల్వేలో పనిచేస్తాడు. పిల్లలిద్దరికీ బెంగళూరులో ఉద్యోగాలు. అంతా సవ్యంగానే ఉంది కానీ పిల్ల ఒక్క మాట మీద కూర్చుంది. పెళ్లి సముద్రం ఒడ్డునే జరగాలంది.

ఫ్యాషన్ కోసమైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. మా అన్న ఎనిమిదేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. గార్లదిన్నె పక్కన పల్లెలో వేరుశనగ పండించేవాడు. కూతురికి సముద్రం చూపిస్తానని ఏటా చెప్పేవాడు. ఒక ఏడు పంట పోయేది, ఒక ఏడు పంట చేతికొచ్చి ధర పోయేది. చివరికి తను కూడా సముద్రం చూడకుండానే పోయాడు.

"నాయన చూపిస్తానన్న చోటే తాళి కట్టించుకుంటా చిన్నాయనా" అంది మౌనిక. నేను కాదనలేకపోయాను.

కాదన్నది మా వదిన.

"కండ్లకు కనపడినంత దూరం నీళ్లుండి, గుక్కెడు తాగేకి ల్యాని చోట శుభకార్యమా? మీరు చేసుకోండి. నేను రాను."

వదిన రానంటే రాదు. అమ్మ రాకపోతే పెళ్లే వద్దంటుంది పిల్ల. ఇద్దరి మధ్యా నేను నలిగిపోయాను.

మా వైపు పిల్లనిచ్చే ముందు పెద్దవాళ్లు ఆ ఊరికి పోయి మొదట అక్కడి నీళ్లు తాగి చూస్తారు. ఇల్లూ పొలమూ చూసేది ఆ తర్వాతే. కరువు నేర్పిన అలవాటు. వదిన చివరికి ఆ పద్ధతే పట్టుకుంది. నా చేతికి ఒక స్టీలు బాటిల్ ఇచ్చింది.

"పొయ్యి ఆడి నీళ్లు నోట్లో పోసుకొని చూడు రాఘవా. ట్యాంకర్ నీళ్లు కాదు, క్యాన్ నీళ్లు కాదు. ఆ నేలలో ఊరిన నీళ్లు. నాకూ పట్టుకొని రా. తియ్యగుంటే వస్తా."

పెళ్లికి నాలుగు నెలల ముందు ఖాజా కారులో బయలుదేరాం. ఖాజా మా ఇంటికి పదిహేనేళ్లుగా తెలిసిన డ్రైవరు. నెల్లూరు దాటి తీరం వెంట మొదటి రోజు రెండు చోట్లు చూశాం. ఒకటి పెద్ద రిసార్టు. ఒక్క ప్లేటు భోజనం ధర వినగానే ఖాజా నన్ను చూసి నవ్వు ఆపుకున్నాడు. రెండోది మాకు అందే ధరే. కానీ సముద్రానికీ దానికీ మధ్య అన్నీ రొయ్యల చెరువులు. మిద్దె ఎక్కి మడమలెత్తితే నీలంగా ఒక గీత కనిపించింది.

మర్నాడు పొద్దున చూసిన మూడోది మనసుకు పట్టింది. సరుగుడు తోట, పది గదులు, ఒక రేకుల షెడ్డు, ఎదురుగా సముద్రం. యజమాని మర్యాదస్తుడు. చెప్పిన ధర కూడా మా వల్ల అయ్యేదే. నీళ్ల సంగతి అడిగాను.

"బోరు నీళ్లు ఉప్పు సార్. గిన్నెలు కడగడానిక్కూడా పనికిరావు. వంటకీ, తాగడానికీ ట్యాంకర్లు తెప్పిస్తాం. ఇక్కడంతా ఇంతే" అన్నాడు.

కుళాయి తిప్పి పుక్కిలి పట్టి ఉమ్మేశాను. ఇవి మోటారును ఏడాదిలో తినేసే నీళ్లు.

ఆయన రసీదు పుస్తకం తేవడానికి పోతే, నేనూ ఖాజా తోట దాటి ఇసుకలోకి నడిచాం. పదకొండు కావస్తోంది. దాచడం ఎందుకు, నేనప్పుడు అబద్ధం ఆడటానికే సిద్ధమయ్యాను. దారిలో కొన్న నీళ్లేవో బాటిల్లో నింపి వదినకు ఇద్దామనుకున్నాను.

సరుగుడు చెట్లు ఆగిపోయిన చోట, అలలకు కాస్త ఇవతల, చెలమ ఉంది.

ఎండిన ఏటి ఇసుకలో చేతులతో గుంత తోడితే అడుగున నీళ్లు ఊరుతాయి. అదే చెలమ. మా ఊర్లో వేసవి అంతా ఆ నీళ్లే తాగి పెరిగాం. ఇది మోచేతి లోతు ఉంది. మేకలూ కుక్కలూ మూతి పెట్టకుండా పైన పచ్చి తంగేడు కొమ్మ కప్పారు, దాని పూలు ఇంకా వాడలేదు. కొమ్మ మీద కొబ్బరి చిప్ప బోర్లించి ఉంది. తూర్పు అంచున ఒక తెల్ల పలుగురాయి గుచ్చి ఉంది.

కొమ్మ తీశాను. పాత నీళ్లు చిప్పతో తోడి పోశాను. తేటగా ఊరేదాకా ఆగి తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఖాజా కూడా రెండు చిప్పలు తాగాడు. బాటిల్ నింపుకొని, కొమ్మా చిప్పా ఎట్లున్నవి అట్లే పెట్టి, వెనక్కి వచ్చి అడ్వాన్సు ఇచ్చేశాను.

ఆ నిమిషంలో నాకు ఏ వింతా కనిపించలేదు. చిన్నప్పటి నుంచి చేతులకు అలవాటైన పని, చేతులే చేసుకుపోయాయి. ఫోటో తీయాలని కూడా తోచలేదు. చెలమను ఎవరు ఫోటో తీస్తారు?

గంటన్నర ప్రయాణం చేసి టీ కోసం ఆగాం. ఖాజా గ్లాసు చేతిలో పెట్టుకొని అడిగాడు.

"అన్నా, ఆడ తంగేడు యాడిది?"

నిజమే. ఆ చుట్టుపక్కల సరుగుడు, తాడి తప్ప ఇంకో చెట్టు చూసిన గుర్తు లేదు. అప్పుడు నాకు పలుగురాయి గుర్తొచ్చింది. ఆ ఇసుకలో గోళీ అంత రాయి కూడా లేదు. కొమ్మ కప్పడం మా ఊర్లో అందరూ చేసేదే. తూర్పు అంచున తెల్ల రాయి గుచ్చేది మాత్రం మా అన్న ఒక్కడే. ఏటి పొడుగునా చెలమలుండేవి. నీళ్లకు వచ్చే మౌనిక తమ చెలమ వెతుక్కోకుండా ఆ గుర్తు పెట్టేవాడు.

కారు వెనక్కి తిప్పించాను.

మేం పోయేసరికి చెలమ లేదు. మా ఇద్దరి చెప్పుల గుర్తులు సరుగుడు తోట నుంచి అక్కడిదాకా ఉన్నాయి. నేను మోకాళ్లు ఆనించిన రెండు గుంటలు ఉన్నాయి. వాటి ముందు ఇసుక చదునుగా ఉంది. ఖాజా, నేను నడుము లోతు తవ్వాం. నీళ్లు ఊరాయి. నోట్లో పెట్టుకుంటే ఉప్పు. యజమానిని అడిగితే ఇక్కడ ఎవరూ తవ్వరు సార్ అన్నాడు, మా ఇద్దరి వైపూ అదోలా చూస్తూ.

బాటిల్ మాత్రం నిండుగానే ఉంది. అనంతపురం చేరాక షాపులో నీళ్లు పరీక్షించే మీటరు ముంచి చూశాను. మా ఊరి ఏటి నీళ్లకు వచ్చే అంకెకు దగ్గరగా వచ్చింది.

వదినకు ఏమీ చెప్పకుండా బాటిల్ ఇచ్చాను. ఒక గుక్క నోట్లో పోసుకుంది. చాలాసేపు మింగలేదు. తర్వాత అరుగు మీద కూర్చుంది.

"ఇవి మన ఏటి నీళ్లు. ఎవురు తోడినారు రాఘవా?"

అప్పుడు జరిగిందంతా చెప్పాను. పలుగురాయి మాట దగ్గర ఆమె నా వైపు చూడటం మానేసింది. ఏడవలేదు. బాటిల్ మూత బిగించి దేవుడి గూట్లో పెట్టింది.

"వస్తా" అంది.

తెలిసిన లెక్చరరు ఒకాయన దీనికి కారణం చెప్పాడు. సముద్రం ఒడ్డు ఇసుకలో వాన నీళ్లు ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తాయట, పైపైన తవ్వితే తియ్యగానే ఉంటాయట. కాదనను. కానీ తంగేడు కొమ్మ సంగతి అడిగితే ఆయన టీ తాగి లేచిపోయాడు.

పెళ్లి పొద్దున పది గంటలకు. భర్త లేని ఆడమనిషి పీటల మీద కూర్చోకూడదని మా వైపు పట్టింపు. నాకది నచ్చదు, వదిననే కూర్చోమన్నాను. ఆమె ఒప్పుకోక వెనక వరసలో కూర్చుంది. కన్యాదానానికి నేనూ నా భార్యా కూర్చున్నాం. ధార పోయడానికి నా భార్య ట్యాంకరు నీళ్ల చెంబు ఎత్తింది. అందరినీ దాటుకొని వదిన ముందుకొచ్చింది. చెంబు అందుకొని ఇసుకలో వంపేసి, స్టీలు బాటిల్లో నీళ్లు అందులో పోసింది.

"ఇవి పొయ్యి పాపా" అంది నా భార్యతో.

అయ్యవారు ఏదో అనబోయి వదిన ముఖం చూసి ఆగాడు. నీళ్లు నా చేతుల మీదుగా అబ్బాయి చేతుల్లోకి జారాయి. నాలుగు నెలలు బాటిల్లో ఉన్నవి, అంత ఎండలో, చెలమలో నుంచి అప్పుడే తోడినంత చల్లగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. పెళ్లి పీటల మీద, అంతమంది ముందు, ఆపుకోలేకపోయాను.

అక్షింతలు అయ్యాక వదిన మౌనిక చెయ్యి పట్టుకొని అలల దాకా నడిచింది. నేను వెనకే ఉన్నాను. బాటిల్ అడుగున ఒక గుక్క మిగిలింది. దాన్ని అలలో వంచింది.

"పిల్లకు చూపిస్తానంటివి, చూపిస్తివి. ఇంగ నువ్వూ చూడు" అంది.

నీళ్లు చూసి, అవి ఏ నేల నుంచి వచ్చాయో చెప్పగలనని నాకు కొంచెం గర్వం ఉండేది. ఆ బాటిల్లో నీళ్లు ఎక్కడివో ఇప్పటికీ చెప్పలేను.