కమలమ్మ టీచరు లెక్క

వాన పడి రంపపు పొట్టు తడిస్తే ఒక పులిసిన వాసన వస్తుంది. హోసూరులో నేను పనిచేసే కలప డిపోలో ఈ ఉదయం అదే వాసన. "ఆ జనం ఇండ్లు ఇట్లనే వాసన కొడతా ఉండేవప్పా" అనేవారు కమలమ్మ టీచరు, డిపో గోడకు అవతల తన వసారాలో కూర్చుని. ఆ జనం అంటే ఆంగ్లో-శాక్సన్లు. వెయ్యేళ్ళకు ముందు ఇంగ్లండులో పెద్ద కొయ్య చావిళ్ళు కట్టుకుని, నడుమ నిప్పు వేసుకుని, బార్లీ కల్లు తాగుతూ, ఒకే వాద్యాన్ని చేతులు మార్చుకుంటూ పాడుకున్నవాళ్ళు. టీచరు మద్రాసులో చదువుకునేటప్పుడు వాళ్ళ పాత భాష నేర్చుకున్నారు. కృష్ణగిరిలో ఆడపిల్లల బడిలో పనిచేసి రిటైరయ్యాక, ఆ జనం బతుకు గురించి మన పిల్లలకు తెలుగులో ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టారు. అవి అరవైల మొదటి సంవత్సరాలు.

నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో మళ్ళీ హెచ్చిస్తే ఎన్ని ఘనపుటడుగులో తెలుస్తుందని చూసి చూసి నేర్చుకున్నాను. నా రాత గుండ్రంగా ఉంటుందని, తన కళ్ళకు పొర కమ్మిందని, ఆదివారాలు వచ్చి శుద్ధప్రతి రాసిపెట్టమన్నారు టీచరు. అప్పటికి నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు.

ఒక ఆదివారం, తప్పిపోయిన ఆవు దొరకడానికి ఆ జనం చదివే మంత్రం గురించి చెప్పారు.

"దొరలకు కూడా ఆవులు తప్పిపోతాయామ్మా?"

"అప్పటికి వాళ్ళు దొరలు కాలేదు మునప్పా. మీ ఊరు అంచెట్టిలో గొడ్లోళ్ళ మాదిరే."

మా అవ్వ కూడా ఆవు కోసం ఒక మంత్రం వేసేదని చెప్పాను. టీచరు నా చెయ్యి పట్టుకుని దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నారు. నాకు తెలిసింది ఇంకొకరికి పనికొస్తుందని అంతవరకూ నేను అనుకోలేదు.

పుస్తకంలో ఆ జనం పద్ధతిలో ఆమె కట్టిన పాటలు ఉండేవి. నూట పన్నెండు పాదాలకూ ఒకటే నియమం. పాదానికి నాలుగు ఊనికలు, అంటే నొక్కి పలికే చోట్లు, వాటిలో మూడు ఒకే రకం శబ్దంతో మొదలవ్వాలి, అచ్చులైతే ఏవైనా ఒకటే. నడుమ ఒక విరుపు. టీచరు కంటి ఆపరేషనుకు బెంగుళూరు పోతూ ఆ కాగితాలన్నీ నాకే అప్పగించారు. తిరిగి వచ్చాక నాలుగు రోజుల్లో పుస్తకం కృష్ణగిరి అచ్చాఫీసుకు పోవాలి.

రాస్తూ అక్షరాలు లెక్కపెట్టాను. విరుపుకు ఇటు పదకొండు, అటు అయిదు. ఇంకో చోట ఏడు, పది. ఆమెకు కళ్ళు కనపడక జరిగిన పొరపాటనుకున్నాను. కొన్ని మాటలు తీసి, కొన్ని చేర్చి, రెండు వైపులా సమానం చేశాను. కాగితం వృథా కాకూడదని ఆమె పెన్సిలు రాతను రబ్బరుతో చెరిపి, దాని మీదే సిరాతో రాశాను. చేస్తున్నంతసేపూ మంచిపని చేస్తున్నాననే సంతోషం.

టీచరు కంటికి కట్టుతో తిరిగొచ్చారు. చదవమన్నారు. చదివాను.

"అలసి ఆవుల వెంట, ఇల్లు మెల్లగా చేరాడు."

ఆమె వేలు బల్ల మీద ఆగిపోయింది. "మళ్ళా చదువు." చదివాను. "నేను రాసింది ‘అలసి అలసి ఆవుల వెంట, ఇల్లు చేరాడు’ కదప్పా. ముందు ఈ పాటలోవాడు నడిచొచ్చేవాడు. ఇప్పుడు కొలబద్ద పట్టుకోనొస్తా ఉండాడు."

"నేనే మార్చినానమ్మా. రెండు పక్కలా ఎనిమిదెనిమిది అక్షరాలు చేసినాను."

"నడుమ అక్షరాలు ఎన్నయినా ఉండొచ్చు మునప్పా. వాళ్ళు ఊనికలు మాత్రమే లెక్కపెట్టేవాళ్ళు. మిగిలింది మనిషి ఊపిరి." వెంటనే అడిగారు. "తీసిన మాటలు యాడన్నా రాసిపెట్టినావా?"

అంచులో రాసిపెట్టాను. పాదం పాదానికీ. కానీ ఎన్ని అక్షరాలు తీశానో రాశాను, ఏవి తీశానో రాయలేదు. అదే ఆమెకు చెప్పాను.

టీచరు తిట్టి ఉంటే బాగుండేది. "కూర్చో" అన్నారు. మూడు రోజులు డిపోకు సెలవు పెట్టాను. నేను చదవడం, ఆమె వేలితో తాళం వేస్తూ తడుముకోవడం, మాట దొరికితే ఇద్దరమూ నవ్వుకోవడం. మూడో సాయంత్రానికి ఏడు పాదాలు మిగిలిపోయాయి. ఎంత తడిమినా రాలేదు.

"కొత్తవి కట్టేద్దామమ్మా" అన్నాను.

"వద్దు. ఆ జనం పుస్తకాలు కొన్ని నిప్పులో కాలినాయి. కాలిన తావు ఖాళీగా వదిలే అచ్చేస్తారు. మనమూ వదులుదాం. ఎవరన్నా అడిగితే ఈడ ఒక మంచోడి చెయ్యి తగిలిందని చెప్తాలే."

పుస్తకం అట్లాగే వచ్చింది. టీచరు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు దుంగలో పుచ్చు తీసేస్తే ఎన్ని అడుగులు తీశానో రాసి ఊరుకోను. ఏ చెట్టు, ఏ వైపు, ఎందుకు తీశానో కూడా రాస్తాను. కొత్త గుమాస్తాలు నవ్వుతారు. అప్పుడప్పుడు ఆ పుస్తకం తెరిచి, ఏడు ఖాళీల దగ్గరా ఆగి వేలితో నాలుగు ఊనికలు వేస్తాను. లెక్క సరిపోతుంది. మాటలే రావు.